పట్టువిడుపులు

రాయపూరునకు 60 కిలోమీటర్ల లోపున, మహానదికి అనతిదూరమున, చంపారణ్యమను చిన్న గ్రామము గలదు. పుష్టిమార్గ ప్రవర్తకులైన వల్లభాచార్యులు 1479వ సంవత్సరమున జన్మించినది ఇచ్చటనే యని ఆ సంప్రదాయమువారు విశ్వసింతురు. గుజరాతునుండియు రాజస్థానమునుండియు యాత్రికులు నేటికిని ఇచ్చటి బైఠకును సేవించుకొనుటకు వచ్చుచునేయున్నారు. ఆచార్యులు మన తెలుగువారే యన్న మాటను మనలో పెక్కండ్రు మఱచిరి. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మగారు. వెలనాటి వైదిక కుటుంబము. కాశీనగరముపైకి దండు రానున్నదన్న వదంతి విని ఆ దంపతులు దక్షిణాభిముఖులై ఈ యరణ్యమార్గమున వచ్చుచుండగా, నెలలు నిండకమునుపే ప్రసవమైనదనియు, చలనము లేని శిశువును చూచి ప్రాణము లేదని తలచి జమ్మిచెట్టు మొదట ఆకులలో పరుండబెట్టి వారు కన్నీళ్ళతో సాగిపోయిరనియు, మరలివచ్చి చూచునప్పటికి బిడ్డ అగ్నివలయమధ్యమున నిర్భయముగా ఆడుకొనుచుండెననియు ఐతిహ్యము.

ఐతిహ్యమును ఐతిహ్యముగనే గ్రహింతము. వినువారందఱును అగ్నివలయమును తలచుకొని చేతులు జోడింతురు గాని, నా మనస్సు మాత్రము ఆ మొదటి విడుపు కడనే ఆగిపోవును. ఆ తల్లికి బిడ్డపై ప్రేమ కొఱవడినదని యెవ్వరనగలరు? ఆమెకు తప్పినది ఎఱుక యొక్కటే. తనదైనదానిని తనది గాదని, సజీవమైనదానిని నిర్జీవమని, కన్నులయెదుటి గుఱుతులు ఆమెను నమ్మించినవి. తనదేదో పరాయిదేదో తేల్చు వివేకము దేనిపై ఆధారపడియుండును, ఒకదానినొకటి అంటిపట్టుకొనియుండుట ప్రాణికి బంధమా ఆధారమా యను ప్రశ్నలు వేదాంతులకు ఎంత ప్రాచీనములో, మూత్రపిండ వైద్యులకు అంత నవీనములు. ఈ రెండు విచారణలును రాయపూరున ఒకే దినమున నాకు ఎదురుపడుటచేత వీనిని కలిపి యోచించు సాహసము చేయుచున్నాను.

రాయపూరున తెలుగువారు నిన్నమొన్న వచ్చినవారు కారు. బెంగాల్–నాగపూర్ రైల్వేవారు విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా ఇచ్చటికి వేసిన మార్గము 1931లో పూర్తియైనది. ఆ దారినే కూలికిని కొలువునకును వచ్చిన ఉత్తరాంధ్రపు కుటుంబములు ఈ నేలలో వేళ్ళూనికొన్నవి. వారి మూడవ తరమువారు బజారున ఛత్తీస్‌గఢీలో బేరమాడి, ఇంటికి వచ్చి శ్రీకాకుళపు యాసలో కలహింతురు. అట్టి యింటి పెద్ద యొకరు, రైల్వే పింఛనుదారు, ఇచ్చటి యొక ఆసుపత్రిలో మూత్రపిండ విభాగపు వరండాయందు నాకు తారసపడిరి. ఆయన యొడిలో, 24 గంటల మూత్రము పట్టిన ప్లాస్టిక్ డబ్బా యుండెను. దానిని కొంచెము కదల్చినంతనే పైన తెల్లని నురుగు లేచి, ఎంతసేపటికిని అణగకుండెను. ఆ నురుగు ఆల్బుమిన్. శరీరము నిలుపుకొనవలసిన మాంసకృత్తు నీటివెంట వెడలిపోవుచున్నదనుటకు సాక్ష్యము. కుమార్తెకు లూపస్ అను వ్యాధి. తెల్లవారుసరికి కనురెప్పలు ఉబ్బును, సాయంకాలమునకు కాళ్ళ వాపు పాదరక్షలో ఇమడదు. "పురుగు గాదంట, విషం గాదంట, నీళ్లలో దోషం గాదంట బాబూ. దాని ఒంట్లో ఉన్నదే దాని ఒంటిని తినేస్తన్నాదంట. మన ఒళ్లే మనకి పగోడైపోతే ఎవుడితోటి దెబ్బలాడతాం?" అని ఆయన యడిగిరి.

నేను తాత్త్వికగ్రంథములు కొన్ని చదివితిని గాని ఇంత సూటియైన ప్రశ్నను వానియందు అరుదుగా చూచితిని.

ఛత్తీస్‌గఢమున మూత్రపిండ వ్యాధి యనగానే అందఱును గరియాబంద్ జిల్లాలోని సుపేబేడా గ్రామమును తలచుకొందురు. మనకు ఉద్దానమెట్టిదో వారికి సుపేబేడా యట్టిది. ఆ దుఃఖము వేఱు. అచ్చట నీటిని శంకింతురు, మట్టిని శంకింతురు, ఎండను శంకింతురు. వేలు బయటికి చూపవచ్చును, ప్రభుత్వమును నిలదీయవచ్చును. ఈ పింఛనుదారుని యింటి వ్యాధియందు చూపుడువేలు తిరిగి తిరిగి తన రొమ్మునకే తగులును. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్, ప్రాణి తనకు తాను విషమగుటకు సహజముగనే జంకునని భావించి, ఆ జంకునకు ఒక లాటిన్ పేరు సైతము పెట్టెను. తరువాత 1957లో ఆస్ట్రేలియా దేశస్థుడు బర్నెట్, రక్షకకణములలో స్వకీయమును ద్వేషించునవి బాల్యముననే తొలగింపబడుననియు, పరకీయమును ఎదుర్కొనునవియే మిగిలి వృద్ధినొందుననియు సిద్ధాంతీకరించెను; 1960లో మెడావర్‌తో కూడ నోబెల్ బహుమానము నందెను. ఆ దినములనుండి 'స్వ', 'పర' యను శబ్దములు ప్రయోగశాలలో నిత్యవ్యవహారములైనవి. నైయాయికులును వేదాంతులును శతాబ్దములుగా వాదించిన పదములను రక్తపు చుక్కపై ప్రయోగించుట చూచి మనవారు సంతోషించిరో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు అంటుటను గూర్చి. మన రెండు మూత్రపిండములలో ఒక్కొక్కటియందు సుమారు 10 లక్షల వడపోత యంత్రములు గలవు. దినమునకు ఇంచుమించు 180 లీటర్ల ద్రవము వానిగుండా జారి, రెండు లీటర్ల లోపు మాత్రము మూత్రమై వెలువడి, తక్కినది రక్తమునకే మరలును. ప్రతి యంత్రమునందును కేశనాళికల చిన్న కుచ్చు. ఆ కుచ్చునకు వెలుపల పాదకణములు. ఈ కణములు రెండు చేతుల వ్రేళ్ళను ఒకదానిలో నొకటి చొనిపినట్లుగా తమ సన్నని పాదములను పెనవేసి, నాళికలను కౌగిలించుకొనియుండును. పాదమునకు పాదమునకు నడుమ నుండు సందు మిల్లీమీటరులో సుమారు ఇరువదియైదు వేలవ వంతు. ఆ సందున ఇరుప్రక్కలనుండియు వెలువడిన అణువులు కలిసికొని పరస్పరము పట్టుకొని పలుచని తెరయై నిలుచును. వానిలో ముఖ్యమైనదానికి నెఫ్రిన్ అని పేరు. ఫిన్లండు దేశమున కొన్ని కుటుంబములయందు గర్భస్థదశనుండియే మాంసకృత్తులను కోల్పోవు శిశువులు జన్మించుచుండగా, ఆ వ్యాధిమూలమును వెదకుచు ట్రిగ్‌వాసన్ బృందమువారు 1998లో దీనిని కనుగొనిరి. కాగా, ఈ దేహమున శుద్ధియనునది విడిపోవుటవలన సిద్ధింపలేదు. గట్టిగా, నేర్పుగా, పట్టుకొనియుండుటచేతనే సిద్ధించినది. ఇట్లు కణమును కణమునకు అంటించు అణువుల సమూహమునే వైద్యులు సెల్ అడ్హీషన్ మాలిక్యూల్స్ అందురు.

రక్తనాళములోపల మఱియొక యంటుట జరుగుచుండును. ఎచ్చటనైనను గాయమో క్రిమియో సంభవించినపుడు ఆ భాగపు నాళపుగోడ తన లోతట్టున కొన్ని అణువులను మొలిపించును. ప్రవాహమున పోవుచున్న తెల్లకణము మొదట సెలెక్టిన్లను అణువులకు తగిలీ తగులక, పట్టుబడీ పడక, గోడవెంబడి మెల్లగా దొరలును. పిదప దానిపైనున్న ఇంటిగ్రిన్లు మేల్కొని, గోడపైనున్న ఐకామ్, వీకామ్ అను అణువులను బిగియబట్టును. ఆపై అది గోడను దాటి లోనికి చొచ్చును. ఈ క్రమమంతయు రక్షణకొఱకే. లూపస్‌నందు సంభవించునదేమనగా, స్వకీయ పదార్థముతో చిక్కుపడిన ప్రతిరక్షకములు మూత్రపిండపు కుచ్చులలో పేరుకొనుటయు, ఆ చికాకునకు నాళపుగోడ ఆపదవచ్చినట్లు భ్రమించి ఐకామ్, వీకామ్‌లను విరివిగా మొలిపించుటయు, వచ్చిన తెల్లకణములు వెలువరించు రసాయనములే మఱల గోడను రెచ్చగొట్టి మఱిన్ని చేతులను చాపించుటయు. శత్రువు లేడు, కాని పిలుపు ఆగదు. ఆ వీకామ్ తునుకలు మూత్రమునందును కనబడును. వాని పాలు చూచి లోపలి మంట ఎంత యున్నదో ఊహింపవచ్చునని పరిశోధకులు చెప్పుదురు. అల్కామ్ అను మఱియొక యణువునకును ఇదే ఖ్యాతి. తెల్లకణముపై దానిని అందుకొను సీడీ6 అను కొక్కెమును మూయు ఇటోలిజుమాబ్ అను మందు, బెంగుళూరు బయోకాన్ సంస్థవారిది, 2013లో సోరియాసిస్ అను చర్మవ్యాధికై మన దేశమున అనుమతి పొందినది. మూత్రపిండ లూపస్‌పై దానిని ప్రయోగదశలో పరీక్షించిరి.

అన్నిటికంటె విచిత్రమైనది వేఱొకటి గలదు. పిల్లలలో తఱచుగా కనబడుచు, సామాన్య సూక్ష్మదర్శినికి ఏమియు చిక్కని, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మాత్రము పాదకణముల పాదములు చదునై కరిగినట్లు కనబడు నెఫ్రోటిక్ వ్యాధి కారణము చిరకాలము దుర్గ్రహమైయుండెను. 2022లో బోస్టన్ పరిశోధకులు, 2024లో హాంబర్గువారు నాయకత్వము వహించిన బృందము, అట్టి రోగులలో పలువురి రక్తమున నెఫ్రిన్‌కే విరోధులైన ప్రతిరక్షకములను చూచిరి. రెండవ పరిశీలనలో పెద్దలలో 44 శాతమునకును పిల్లలలో 52 శాతమునకును అవి యుండెను, చికిత్స మొదలుకాని తీవ్రదశలో ఇంకను ఎక్కువ. వచ్చి యంటుకొన్న ప్రతిరక్షకము నెఫ్రిన్‌ల పరస్పరపు పట్టును సడలించును. నెఫ్రిన్ పుట్టినది ప్రతిరక్షకములతోడి అణువంశముననే యని విన్నపుడు నాకు కౌరవపాండవులు జ్ఞప్తికి వచ్చిరి. ఐనను ఆ యుపమానము సులువైనది గనుక దానిని విడిచెదను.

సంగమే సర్వానర్థమూలమని మన పెద్దలు ఉపదేశించిరి. విషయములను ధ్యానించువానికి సంగము పుట్టుననియు, దానినుండి కామము, కామమునుండి క్రోధము, చివరకు బుద్ధినాశము కలుగుననియు గీతయందలి రెండవ అధ్యాయము వరుస చెప్పినది. ఆత్మ అసంగమని ఉపనిషత్తులు ఘోషించినవి. నిజముగా, నాళపుగోడమీది ఆ తగులుట, బిగియుట, చొచ్చుట, రగులుట చూచినచో ఎవనికైనను ఆ వరుసయే స్ఫురించును; అందుచే సంగమును సమూలముగా ఛేదించుటయే ఔషధమని తోచుట సహజము. వైద్యులకును ఒకప్పుడట్లే తోచినది. ఒక జాతి ఇంటిగ్రిన్‌ను కట్టివేయు నటాలిజుమాబ్ అను మందు మెదడు, వెన్నుపాములను బాధించు మఱియొక స్వవిరోధ వ్యాధికై 2004 చివర అమెరికాలో అనుమతి పొంది, కొన్ని నెలలకే విపణినుండి ఉపసంహరింపబడినది. కారణము, కావలికణములు మెదడులోనికి పోవు దారి మూసుకొనగా, సామాన్యముగా మనలో నిద్రాణమై పడియుండు ఒక వైరస్ అచ్చట విజృంభించి కొందఱి ప్రాణములను తీయుట. 2006లో కఠిననిబంధనలతో అది తిరిగి వచ్చినది. మఱియొక ఇంటిగ్రిన్‌పై పనిచేయు ఎఫాలిజుమాబ్, అదే వైరస్ కారణముచేత 2009లో విపణినుండి తొలగినది.

పుట్టుకతోనే ఇంటిగ్రిన్ లోపించిన శిశువులును గలరు. సాధారణముగా రెండు వారముల లోపల ఊడవలసిన బొడ్డు వీరికి నెల దాటినను ఊడదు. గాయములు పుండ్లగును గాని చీము పట్టదు. చీమనగా అచ్చటికి చేరి పోరాడి మడిసిన తెల్లకణములే గదా. రక్తపరీక్ష చేసినచో తెల్లకణములు మామూలుకంటె ఎన్నియో రెట్లు. అవి సమృద్ధిగా, ఆరోగ్యముగా, నాళములలో అసంగముగా తిరుగుచుండును. ఏ గోడను పట్టుకొనవు, ఎవ్వరికిని అక్కఱకు రావు. సంపూర్ణ వైరాగ్యము దేహమునందు ఏ రూపము దాల్చునో చూడగోరువారు ఆ శిశువును చూడవలెను.

ఇచ్చట అద్వైతి యొకడు నన్ను నిలిపి, అసంగత్వము ఆత్మకు చెప్పబడినదే గాని కణములకు కాదు, దేహధర్మములను తెచ్చి ఆత్మకంటగట్టుటయే అధ్యాసమని మందలింపవచ్చును. ఆ మందలింపు న్యాయమే. నేను దానికి ఎదురు చెప్పను. కాని వేదాంతము ఆసుపత్రి వరండాకు వచ్చునపుడు శంకరభాష్యరూపమున రాదు. పరామర్శకు వచ్చిన బంధువుల నోట, మమకారము తగ్గించుకొమ్మను సలహాగా వచ్చును. ఏ జన్మలోనో ఎవరికో చేసిన అపకారము ఇట్లు కట్టి కుడుపుచున్నదను నిర్ణయముగా వచ్చును. ఇప్పుడు క్రొత్తగా, నిన్ను నీవు ప్రేమించుకొనలేదు గనుక నీ దేహము నీపై తిరుగబడినదను నవనాగరిక సూక్తిగా కూడ వచ్చుచున్నది. మూడవది మొదటి రెండింటికంటె క్రూరమని నా యభిప్రాయము. పూర్వజన్మము కనీసము జ్ఞప్తిలో లేనిది, ఈ సూక్తి యన్ననో ఇరువదియేండ్ల పిల్లను నిన్నటి తన మనస్సును తవ్వుకొని నేరము వెదకుకొమ్మని పంపును. కర్మసిద్ధాంతము లోకవ్యవస్థ న్యాయశూన్యము గాదని నిలుపుటకు పుట్టినది. దానిని ఒక మంచము ప్రక్క నిలిచి ఒక రోగికి వర్తింపజేయు అధికారము నాకు గాని మీకు గాని ఎవ్వరిచ్చిరి? లూపస్ బారిన పడువారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. వారందఱును పురుషులకంటె తొమ్మిది రెట్లు పాపులని ఏ ధర్మశాస్త్రము చెప్పగలదు?

ఈ ఘట్టముననే చంపారణ్యపు తెలుగుబిడ్డ నాకు సాయమునకు వచ్చును. వల్లభులు జగత్తును సంసారమును వేఱుపఱచిరి. జగత్తు బ్రహ్మకార్యము గనుక సత్యము. సంసారమనునది అవిద్యచే జీవుడు అల్లుకొన్న అహంతా మమతల వల, అది మాత్రమే నశింపవలసినది. కావున ఆయన పట్టును కోయుమనలేదు, మఱలింపుమనిరి. ఆయన మార్గమున దీక్షకే బ్రహ్మసంబంధమని పేరు. భక్తివర్ధినియందు భక్తి పెరుగు దశలను స్నేహము, ఆసక్తి, వ్యసనము అని ఆరోహణక్రమమున చెప్పిరి. ఇతరులు పతనసోపానములుగా లెక్కించిన మెట్లనే ఈయన భగవంతునివైపు త్రిప్పి నిచ్చెన వేసిరి. సన్న్యాసనిర్ణయమున కలియుగమందు సాధనదశలోని సన్న్యాసమును వారించి, తాము గృహస్థులై జీవించి, అవసానకాలమున మాత్రమే కాషాయము ధరించిరి. ఆ తండ్రి యొడిలోని డబ్బాను తలచుకొనుడు: ఇరువదినాలుగు గంటలు ఒక్క బొట్టు పోకుండ పట్టి, కొలిచి, బస్సులో ఒలుకకుండ తెచ్చిన ఆ ఓర్పు మమకారము గాక మఱేమి? దానిని తగ్గించుకొమ్మని చెప్పువాడు ఆ పిల్ల మంచము ప్రక్కకు ఏమి తెచ్చును?

ఐనను వల్లభుల శుద్ధాద్వైతమునకొక చిక్కు గలదు. అంతయు బ్రహ్మమే, జీవుడు అగ్నినుండి వెడలిన విస్ఫులింగమువంటివాడే యైనచో, పరాయి యన్నదే లేనిచోట పరాయియను భ్రాంతి యెట్లు పుట్టినది? ఆచార్యుల సమాధానము ఆవిర్భావ తిరోభావములు: జీవునియందు ఆనందాంశము కప్పువడినది, జడమునందు చిదానందములు రెండును కప్పువడినవి. లేనిది పుట్టి మోసగింపదు. ఉన్నది మఱుగై మోసగించును. మూత్రపిండమునందు దీనికి సాటియైన యుదంతము గలదు. గుడ్‌పాస్చర్ అను అమెరికా వైద్యుడు 1919లో వర్ణించిన స్థితిని బట్టి ఆయన పేర పిలువబడు వ్యాధియందు, ప్రతిరక్షకములు వడపోతకుచ్చుల ఆధారపటలమునందలి నాల్గవ జాతి కొల్లాజెన్‌లోని యొక తునుకపై దాడి సల్పును. ఆ తునుక సాధారణముగా ఇతర తునుకలతో ముడివడి లోపల దాగియుండును. ఏ కారణముననో ముడి సడలి బయటపడినపుడు, పుట్టినది మొదలు తనతోనే యున్న ఆ భాగమును రక్షణవ్యవస్థ ఎన్నడును చూడనిదానివలె చూచును. వల్లభులు చెప్పినది ఇదియే యని నేననను. కొల్లాజెన్‌నకు బ్రహ్మముతో పని లేదు. కాని స్వకీయమే మఱుగుపడి పరకీయముగ భాసించుట సంభవమేనా యని శంకించువానికి సంభవమే యని చూపుటకు ఈ దృష్టాంతము చాలును.

ఇక పింఛనుదారుని ప్రశ్నకు. బర్నెట్ తలచినట్లు స్వద్వేషులైన కణములు బాల్యముననే సమూలముగా పోవునన్నది పూర్తిగా నిలువలేదు. అవి మీలోను నాలోను ఇప్పటికిని తిరుగుచున్నవి; వానిని అదుపున నుంచు మఱియొక తెగ కణములు గలవు. ఆ యదుపరులను గుర్తించి, వాని మర్మమును తెలిపినందుకే సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమానము లభించినది. ఆరోగ్యవంతుడు లోన విరోధి లేనివాడని యనుకొనుట పొరపాటు. వాని యింట కావలి తగినంత యున్నది, అంతే. కాగా ఆ యువతి యొంట దెబ్బలాడుటకు పగవాడు దొరకడు. నేను ఆయనకు ఈ మాటనే నాకు చేతనైన తెలుగున చెప్పగా, ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే బతిమాలుకోవాలన్నమాట" అనిరి. ప్రెడ్నిసొలోన్, మైకోఫినోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అను ఆ వ్యాధి మందులను గూర్చి నేను విన్న వివరణలలో ఇంత క్లుప్తమైనది లేదు.

ఆ పిల్ల వాపు తగ్గి, డబ్బాలో నురుగు పలుచనైన పిమ్మట, వారి యింట వాదమొకటి రేగినదట. ముఖము చంద్రబింబమువలె ఉబ్బినదని, పెండ్లి కావలసిన పిల్లయని, గుణము కనబడుచున్నది గనుక ఆ తెల్లని ప్రెడ్నిసొలోన్ మాత్రలను ఒక్కసారిగా మానివేసి ఏదైన దీక్ష పట్టించుదమని మేనత్త, వల్లకాదని తండ్రి. డాక్టరుగారు ఇద్దఱిని కూర్చుండబెట్టి, నెలల తరబడి తాను చేయవలసిన రసమే మాత్రలుగా బయటినుండి వచ్చుచుండుటచే మూత్రపిండము మీది గ్రంథి తన పని మానుకొనినదనియు, హఠాత్తుగా మందు ఆపినచో మనిషి కుప్పకూలుననియు, వ్యాధి తిరుగబెట్టుననియు చెప్పి, చీటీపై క్రమమును వ్రాసి యిచ్చిరి: ఇన్ని వారములు ఇరువది మిల్లీగ్రాములు, పిమ్మట పదునైదు, పిమ్మట పన్నెండున్నర, పది, ఏడున్నర. ఆ చీటీని ఆయన రైల్వే టైంటేబిలు చూచినంత శ్రద్ధగా చూచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకొనిరి.